ఆటో రేకు మీద రెండు దెబ్బలు

మొన్న నేను చేసిన ఘనకార్యం మీ దాకా ఇంకా రాలేదంటే ఆశ్చర్యమే. కోస్గి సంతలో కూరగాయలమ్మే ఆమె కూడా నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటోంది. వేరేవాళ్ల నోట వినేకంటే నా నోటితో నేనే చెప్తాను, టీ చల్లారకముందే వినండి. ఒక్క ముక్కలో చెప్పాలంటే, పదమూడు మంది పిల్లల్ని వాళ్ల అమ్మల కళ్లముందే బండెక్కించి ఊరు దాటించేశాను. ఎటు పోయారో నాకే తెలియదు. నా చేతిలో మిగిలింది డస్టరొక్కటే.

మా బడి కోస్గి నుంచి లోపలికి ఎనిమిది కిలోమీటర్లు. సర్కారు ప్రైమరీ స్కూలు. హెడ్ సారు, నేను, ఇద్దరమే టీచర్లం. మొత్తం ఇరవై రెండు మంది పిల్లలు, అందులో మూడు, నాలుగు తరగతులు కలిపి పదమూడు మంది నా దగ్గర. వచ్చే జూన్ నుంచి టౌన్లోని ఒక ప్రైవేటు బడి పసుపు వ్యాను మా ఊరికి వస్తుందని సంక్రాంతి సెలవుల తర్వాత మాట మొదలైంది. ఆ బడి మనిషి ఇంటింటికీ ఫారాలు పంచిపోయాడు. నా పదమూడు మందిలో పది మంది ఇళ్లలో ఆ ఫారం దేవుడి పటం వెనక దోపి ఉంది. నేను కళ్లారా చూశాను. ఆ పది మంది పోతే మిగిలినవాళ్లను పక్కూరి బడిలో కలిపేస్తారు. నన్ను ఇంకెక్కడికో వేస్తారు, అది సరే. కానీ ఆ బడికి తాళం పడుతుంది. పదకొండేళ్లుగా రోజూ పొద్దున ఆ తాళం తీస్తున్నది నేనే, అందుకే నాకు మింగుడుపడలేదు.

నేనూ ఇంటింటికీ తిరిగాను. "చిన్న పిల్లలమ్మా, పొద్దుగాల్నే బండ్ల కుక్కి టౌనుకు తోల్తరా? మీ కండ్లముందట చదువుకోనియ్యుండ్రి" అని గడప గడపకూ చెప్పాను. అందరూ తలూపారు. చెన్నమ్మ మాత్రం ఊపలేదు. చెన్నమ్మ అంటే మా నాలుగో తరగతి శివలీల వాళ్లమ్మ, మహిళా సంఘం లీడరు. ఆమె ఎటంటే ఊళ్లో తల్లులందరూ అటే.

"మేడం, నీ మీద మాకేం కోపం లేదు. మా పిల్లలకు ఇంగ్లీష్ వస్తదా రాదా, గది చెప్పు. వస్తదంటే మా ముందట మాట్లాడిపియ్యి. చూసినంక ఫారం నింపుడా చింపుడా ఆలోచిస్తం" అంది.

అట్లా తల్లుల ముందు పాఠం చెప్పే రోజు ఖాయమైంది. ఒంటిపూట బడులు మొదలైన వారంలో శుక్రవారం, పొద్దున తొమ్మిదికి.

ఇక్కడ నా గుట్టు ఒకటి చెప్పాలి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషులో పెద్ద పెద్ద మాటలంటే నాకు భయం లేదు, డిక్షనరీ తీస్తే దొరుకుతాయి. చిన్న మాటలంటేనే గుండె దడ. గెట్ ఇన్, గెట్ ఆన్, గెట్ అవుట్, గెట్ ఆఫ్, గో అవే, గో బ్యాక్, కమ్ బ్యాక్. మనకు బస్సయినా ఆటో అయినా తాటిచెట్టయినా ఎక్కుడు ఒకటే, దిగుడు ఒకటే. వాళ్లకేమో బస్సయితే గెట్ ఆన్, కారయితే గెట్ ఇన్. లోపల మనిషి నిలబడి నడవగలిగే బండికి ఆన్ అనీ, నడుం వంచి దూరే బండికి ఇన్ అనీ పుస్తకాల్లో వెతికి ఒక లెక్క పట్టుకున్నాను. గర్వంగా పిల్లలకు చెప్పాను. వెంటనే శివలీల లేచి నిలబడింది.

"మేడం, జాగ లేకుంటే ఆటో ఎనక రాడ్డు పట్టుకొని ఏలాడుకుంట పోతరు గద. గది ఆనా, ఇన్నా?"

నాకు ఇప్పటికీ తెలియదు. మీకెవరికైనా తెలిస్తే చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇంక గో బ్యాక్, కమ్ బ్యాక్ సంగతి అడగొద్దు. బోర్డు మీద ఒక మూల ఇల్లు గీశాను, ఇంకో మూల బడి గీశాను, మధ్యలో బాణాలు వేశాను. బాణాలు ఎక్కువై చివరికి అక్కడ ఏదో యుద్ధం జరుగుతున్నట్టు తయారైంది. ఇక్కడి నుంచి తిరిగి పోతే గో బ్యాక్, ఇక్కడికి తిరిగి వస్తే కమ్ బ్యాక్ అని వారం రోజులు చెప్పాను. అడిగితే సగం మంది అదంటారు, సగం మంది ఇదంటారు. ఎవరు కరెక్టో చెప్పేముందు నేను కూడా ఒకసారి కళ్లు మూసుకుని ఎక్కడ నిలబడ్డానో గుర్తు చేసుకోవాల్సి వచ్చేది. అందుకని ఆ రెండూ తల్లుల ముందు వద్దే వద్దనుకున్నాను. గెట్ ఇన్, గెట్ అవుట్ చాలు. అవయినా కుర్చీని ఆటో అనుకోమంటే పిల్లలు కుర్చీ మీదెక్కి నిలబడి గెట్ ఇన్ అంటున్నారు. అసలు ఆటోనే తెప్పిస్తే ఈ గోల తీరుతుంది కదా అనిపించింది. ఆ ఆలోచన వచ్చిన రాత్రి హాయిగా నిద్రపోయాను కూడా.

మా ఊళ్లో సెవెన్ సీటర్ ఆటో కుర్మయ్యది. పేరుకే సెవెన్ సీటర్, పదిహేను మందిని ఎక్కించినా ఆ బండి మారుమాట్లాడదు. పిల్లలందరికీ కుర్మయ్య తాత, నాకు కుర్మన్న. అడగ్గానే పొద్దుటి గిరాకీ వదులుకుని వస్తానన్నాడు. "పిల్లల కోసం గద మేడం, గింతదానికి గంత అడుగుడు ఎందుకు" అన్నాడు. అన్నట్టే బండి కడిగి, ముందర బంతిపూల దండ వేసి, తాను ఇస్త్రీ చేసిన తెల్ల అంగీ వేసుకుని వచ్చాడు.

"మేడం, ఒక్క మాట. ఇంజన్ మాత్రం బంద్ చెయ్య. బ్యాటరీ వీకున్నది. బంద్ జేస్తే మల్ల నూకాలె. తల్లులందరి ముందట నూకితే ఇజ్జత్ పోతది."

సరేనన్నాను. నేనూ ఒక మాట అడిగాను. "అన్నా, నీ ఫోన్ జర ఇటియ్యి." ఆయన ఫోను మోగిందంటే రెండు వాడల అవతల కుక్కలు లేస్తాయి. పాఠం మధ్యలో మోగితే నా పని అంతే. ఫోను తీసుకుని నా టేబుల్ మీద పెట్టేశాను. ఎంత తెలివైన పని చేశానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

"నువ్వేం చెయ్యకన్నా. ముందటికి చూస్కుంట ఊకే కూసో" అన్నాను. కూర్చున్నాడు. ఫొటో దిగుతున్నంత బిగుసుకుని కూర్చున్నాడు.

తల్లులు పదిహేను మంది దాకా వచ్చారు. గోడ నీడలో చాపల మీద కూర్చున్నారు, చెన్నమ్మ అందరికంటే ముందు. నేను పాఠం చెప్పే తీరు మీకు తెలుసు కదా, ఏ మాటకైనా డస్టరుతో దరువు ఉండాల్సిందే. ఈ మాటలన్నీ రెండేసి ముక్కలు కాబట్టి రెండేసి దెబ్బలు. దెబ్బలు బల్లకే లెండి, పిల్లలకు కాదు. ఆ దరువు పడితేనే మా పిల్లలకు మాట బయటికొస్తుంది.

ముందు హెడ్ సారు బైకుతో మొదలుపెట్టాను. "గెట్ ఆన్" అన్నాను, ఇద్దరు ఎక్కారు. "గెట్ ఆఫ్" అన్నాను, దిగారు. సీటు మీద దరువు వేస్తే పదమూడు గొంతులూ ఒక్కసారే పలికాయి. చెన్నమ్మ పెదాలు కూడా కదిలాయి. నేను ఓరకంట చూస్తూనే ఉన్నాను. వెనక ఎవరో "మంచిగనే చెప్తున్నరు గద" అన్నారు. ఆ మాట చెవిన పడ్డాక నాకు ఒంటిమీద సోయి లేదు.

తర్వాత ఆటో. పిల్లలు లైనుగా నిలబడ్డారు. "గెట్ ఇన్" అన్నాను. నడుం వంచి ఒకరి వెనక ఒకరు ఎంత బుద్ధిగా ఎక్కారో. పదమూడు మందీ సర్దుకుని కూర్చున్నారు. ఇంజన్ బుడబుడమంటోంది. దాన్ని మించి అరవాలని గొంతు పెంచాను. దగ్గర్లో బల్ల లేదు. పక్కనే ఆటో రేకు ఉంది.

"ఇప్పుడు మీరు ఏం చేసిండ్రు? గెట్" అని రేకు మీద ధన్‌మని ఒకటి కొట్టాను. "ఇన్" అని ఇంకోటి కొట్టాను.

ఇప్పుడు మీరే చెప్పండి. మన రూట్లో నడిచే ఆటోల్లో రేకు మీద రెండు దెబ్బలంటే ఏమిటి? ఇంజన్ చప్పుడుకు వెనక మనిషి మాట ముందుకు వినపడదు కాబట్టి చివర ఎక్కినవాళ్లు కొట్టే దెబ్బలే సిగ్నలు. ఒక దెబ్బ అంటే ఆపు. రెండంటే నిండింది, పోనియ్యి. పుట్టినప్పటి నుంచీ ఆ ఆటోల్లోనే తిరుగుతున్నాను. ఆ రెండు దెబ్బలు నేనే వెయ్యిసార్లు కొట్టి ఉంటాను. ఆ క్షణంలో మాత్రం నా బుర్రలో అది లేదు.

ఆటో కదిలింది. గేటు దాటింది. కుర్మయ్య నేను చెప్పినట్టే ముందుకు చూసుకుంటూ పోతున్నాడు. వెనక సీట్లోంచి శివలీల తల బయటపెట్టి చెయ్యి ఊపింది.

"మేడం, వియ్ ఆర్ గోయింగ్ అవే."

వినండి, ఇన్నేళ్ల నా ఉద్యోగంలో ఒక పిల్ల తనంతట తాను ఒక్క తప్పు కూడా లేని ఇంగ్లీషు వాక్యం నాతో మాట్లాడటం అదే మొదలు. మాట్లాడుతూ మాట్లాడుతూ కనుమరుగవుతోంది.

తల్లులు చప్పట్లు కొట్టారు. ఇదంతా పాఠంలో భాగమే అనుకున్నారు పాపం. నేను ఆటో వెనక పరుగెత్తాను. "గెట్ అవుట్" అని అరవబోయి సగంలో నోరు నొక్కుకున్నాను. వాళ్లు నా మాట వినే పిల్లలు. ఆ మాట చెవిన పడితే నడుస్తున్న బండిలోంచి వరసగా దూకేస్తారు. "సిట్ డౌన్, కూసోండి, కూసోండి" అని అరుస్తూ ఉరికాను. పంచాయతీ ఆఫీసు ముందు ఒక చెప్పు జారిపోయింది. ఆగి వేసుకునే తెలివి లేదు. చెరుకు బండి సందు దాటి, బోరింగు దాటి, మెయిన్ రోడ్డు మలుపు దాకా ఒంటి చెప్పుతో ఉరికాను. ఆటో మలుపు తిరిగిపోయింది. ఎర్ర దుమ్ము మాత్రం మిగిలింది.

చెన్నమ్మ ఆయాసపడుతూ నా వెనకే వచ్చింది. "మేడం, గిది గూడ పాఠమేనా?"

"కాదు చెన్నమ్మా" అన్నాను.

మా వెనకే చప్పట్లు కొడుతూ వస్తున్న తల్లులకు ఆ జవాబు వినపడినట్టుంది. చప్పట్లు ఆగిపోయాయి.

మేమంతా బడికి ఉరికొచ్చేసరికి హెడ్ సారు కుర్మయ్యకు ఫోన్ కలుపుతున్నాడు. బడి లోపల నా టేబుల్ మీద నుంచి భజన పాట మోగింది. అందరూ ఆ కిటికీ వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు. నేను ఎటు చూడాలో తెలియక చేతిలో డస్టరు చూసుకున్నాను.

సరే, బైకు మీద వెంటపడదామన్నాను. హెడ్ సారు చాలా మంచి మనిషి, కానీ హెల్మెట్ లేనిదే కిక్కు కొట్టడు. హెల్మెట్ బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి ఏ గూట్లో పెట్టాడో దొరకడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. దొరికాక కూడా ముప్పై దాటి నడపడు.

"సార్, జర తొందరగ పోనియ్యుండ్రి" అంటే, "గుంతలున్నయమ్మా, మనం పడితే వాళ్లను ఎవరు తేవాలె?" అంటాడు. న్యాయమే కదా.

ఆ దారిలో నా పరిస్థితి చెప్తే నవ్వురాదు. కంది కోసేసిన చేన్లు ఖాళీగా ఉన్నాయి, ఎటు చూసినా ఆటో లేదు. హాజరు పట్టీలో ఉన్న వరసలో పదమూడు పేర్లు నోట్లో తిరుగుతున్నాయి. ఒక్కో పేరుకూ ఒక్కో తల్లి ముఖం కనపడుతోంది. బడి పోతే పోయింది, వ్యాను వస్తే రానీ, ఆ పిల్లల్ని క్షేమంగా చూపించు చాలు అని కనపడ్డ ప్రతి గుడికీ దండం పెట్టాను. దారిలో దర్గా వస్తే దానికీ పెట్టాను.

టౌను ఇంకో కిలోమీటరు ఉందనగా బంతిపూల దండ కనపడింది. ఆటో ఎదురొస్తోంది. హెడ్ సారు బైకు ఆపకముందే దిగేశాను. లోపలికి తల పెట్టి లెక్కపెట్టాను. పదమూడు. మళ్లీ లెక్కపెట్టాను. పదమూడే. అప్పుడు కుర్మయ్య మీదికి పోయాను.

"ఏందన్నా గిది? ఎటు తీస్కపోయినవ్ పిల్లలను?"

ఆయన ముఖం నా ముఖం కంటే పాలిపోయి ఉంది. "రెండు దెబ్బలు నువ్వే కొడితివి గద మేడం. దెబ్బలు పడ్డంక నా కాలు నా మాట ఇంటదా?"

"ఎక్కడికని నన్ను ఒక్క మాట అడగొద్దా?"

"బండి కదిలేటప్పుడు ఎక్కడికని ఎవరన్న అడుగుతరా మేడం? పోయే పని చెడిపోదా? మొన్న ఆటల పోటీలకు టౌన్ల హైస్కూల్ గ్రౌండ్‌కు తీస్కపోలేదా, గిప్పుడు గూడ గాడికే కావచ్చనుకున్న."

మా ఇంట్లో నేను కూడా అంతే. మా ఆయన బైకు ఎక్కాక ఎక్కడికి అని అడగాలనిపించినా నాలుక కరుచుకుంటాను. బయల్దేరేవాళ్లను ఆ మాట అడగకూడదని మా అవ్వ నేర్పింది, ఇంకా వదల్లేదు. కుర్మయ్యను ఏ ముఖం పెట్టుకుని తిట్టను?

గ్రౌండ్ దగ్గర జరిగింది కూడా ఆయనే చెప్పాడు. అక్కడ పిట్ట కూడా లేదట. అప్పుడు వెనక్కి తిరిగి, "మేడం ఏది బిడ్డా?" అని అడిగితే శివలీల, "మేడం గెట్ ఇన్ కాలే తాతా" అందట. ఆ మాట వినగానే ఆయన అక్కడికక్కడే బండి తిప్పాడు.

ఇంత జరిగితే పిల్లలు ఏడుస్తూ ఉంటారనుకుంటారు కదా. ఒక్కరూ ఏడవడం లేదు. ఎదురెదురు సీట్లలో కూర్చుని పోట్లాడుకుంటున్నారు. ఈ సీటు వాళ్లు గో బ్యాక్ అంటారు, ఆ సీటు వాళ్లు కమ్ బ్యాక్ అంటారు. నన్ను చూడగానే శివలీల తీర్పు అడిగింది.

"మేడం, గ్రౌండ్ కాడున్నప్పుడు మేడం దగ్గరికి గో బ్యాక్ అన్న నేను. గిప్పుడు నువ్వున్న కాడికి వస్తిమి గద, గిప్పుడు కమ్ బ్యాక్. ఔనా కాదా?"

తలూపాను. వారం రోజులు నేను బాణాలు గీసి చెప్పలేకపోయింది వాళ్లకు ఆ ఎనిమిది కిలోమీటర్లు చెప్పేసింది. ఆ ఆటోలోనే వాళ్ల మధ్య కూర్చుని ఊరికి వచ్చాను. దారంతా ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకునే ఉన్నారు.

ఊరి మొదట్లోనే తల్లులంతా నిలబడి ఉన్నారు. ఆటో ఆగీ ఆగకముందే పిల్లలు "వియ్ కేమ్ బ్యాక్" అని ఒకటే కేక. ఏ తల్లి పిల్లను ఆ తల్లి దించుకుని తల నిమిరింది. నేను చివర్లో దిగాను. దాచిపెట్టి లాభం లేదని చెన్నమ్మ ముందు నిలబడ్డాను.

"తప్పు నాదే చెన్నమ్మా. కుర్మన్నను ఏమనకుండ్రి. ఫారాలు నింపుకుంటే నింపుకోండి, నేను అడ్డం రాను."

చెన్నమ్మ నా ముఖం చూడలేదు. నా కాలు చూస్తోంది. "నెత్తురు కారుతాంది, కూసో" అంది. అక్కడే అరుగు మీద కూర్చోబెట్టి, గాజులకున్న పిన్నీసు తీసి, అరికాల్లోంచి తుమ్మముల్లు లాగింది. నాకసలు ముల్లు దిగిన సంగతే తెలియదు.

"ఇన్ని దినాలు పిల్లలను బండ్ల ఎక్కియ్యకుండ్రి, టౌనుకు తోలకుండ్రి అని ఇల్లిల్లు తిరిగితివి. ఆఖరికి నువ్వే ఎక్కిచ్చి నువ్వే తోలితివి" అంది ముల్లు చూస్తూనే.

తల్లులందరూ ఫక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ కలిసి ముక్కులోంచి వచ్చాయి. చెన్నమ్మ మాత్రం నవ్వకుండా వాళ్ల వైపు తిరిగింది.

"నవ్వుడు కాదు. గా వ్యాన్ బడోళ్లు మన పోరల ఎనక గిట్ల ఒట్టి కాళ్లతోని ఉరుకుతరా?"

జవాబు కూడా ఆమే చెప్పింది. "ఉరకరు."

మర్నాడు పొద్దున నేను బడికి వచ్చేసరికి చెన్నమ్మ గేటు దగ్గర ఉంది. చేతిలో పది ఫారాలు. "ఎనక దిక్కు తెల్లగున్నది మేడం, పిల్లలు లెక్కలు చేసుకోను పనికొస్తది" అని నా చేతిలో పెట్టి పనికి పోయింది. ఆమెకు ఆ రోజు థాంక్స్ చెప్పడం కూడా చేతకాలేదు నాకు. ఇప్పుడు మీతో చెప్తున్నాను. ఆ తల్లులు నా మీద కేకలేసి ఉంటే న్యాయంగానే ఉండేది. కుర్మయ్య నన్ను నిందించినా న్యాయమే. ఎవరూ ఒక్క మాట అనలేదు. నా చెప్పు కూడా ఎవరో కడిగి బడి గుమ్మంలో పెట్టారు, ఎవరో ఇప్పటిదాకా చెప్పలేదు. ఈ ఊరికి నేను పాఠాలు చెప్తున్నానని ఇన్నాళ్లూ ఎంత గొప్పగా అనుకున్నానో.

అయితే ఒక శిక్ష మాత్రం పడింది. సాయంత్రం టౌనుకు పోదామని నేను ఆటో దగ్గరికి వస్తే చాలు, కుర్మయ్య వెనక్కి తిరుగుతాడు, చెన్నమ్మ ఉంటే ఆమె తిరుగుతుంది, పిల్లలు ఎక్కడున్నా ఉరికి వస్తారు. నేను క్లాసులో రోజుకు ఇరవైసార్లు వాళ్లకు చెప్పే మాటనే ఊరంతా కలిసి నాకు చెప్తుంది: "మేడం, చేతులు కట్టుకో." కట్టుకుని కూర్చుంటున్నాను.